తప్పని తేలే వీలుంటేనే శాస్త్రం – కార్ల్ పాపర్ జీవితం, కృషి



మన వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ ఒక శాస్త్రవేత్త జీవితం వేయడం ఆనవాయితీ. సి.వి. రామన్, మేరీ క్యూరీ, అబ్దుల్ కలాం అందరూ అయిపోయారు. ఈసారి వ్యాసం అడిగినప్పుడు, ఇదే హాస్టల్లో చదివి వెళ్లిన మేము ముగ్గురం కూర్చుని, శాస్త్రవేత్త కాని ఒకాయనను ఎంచుకున్నాం. ఆయన ఏ యంత్రమూ కనిపెట్టలేదు. ఏ మూలకానికీ పేరు పెట్టలేదు. శాస్త్రం అంటే ఏమిటి, శాస్త్రం కానిదాన్ని దాని నుంచి ఎలా వేరుచేయాలి అన్న ప్రశ్నను మాత్రం డెబ్భై ఏళ్లకు పైగా వదలకుండా పట్టుకున్నాడు. ఆయనే కార్ల్ పాపర్.

ఇలాంటి పని చేసేవారిని శాస్త్ర తత్వవేత్తలు అంటారు. తత్వం అనగానే మనకు తంబుర మీటుతూ పాడే బ్రహ్మంగారి తత్వాలు గుర్తుకొస్తాయి. ఇది ఆ తత్వం కాదు. ఒక మాటను ఎందుకు నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి అని నిలదీసే విద్య ఇది. ఈ విద్యతో మన హాస్టల్ పిల్లలకు చాలా పని ఉందని మా అభిప్రాయం. ఎందుకో ముందుకు పోయాక చెబుతాం.

పాపర్ 1902 జూలై 28న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టాడు. తండ్రి పేరున్న లాయరు. ఇంటి నిండా పుస్తకాలే, పది వేలకు పైగా ఉండేవట. తల్లి పియానో వాయించేది. అంటే పుట్టుకతో ఆయన మనవంటివాడు కాదు. కానీ 1914లో మొదలైన మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఆస్ట్రియా సామ్రాజ్యం ముక్కలైంది. ఆ తర్వాత ధరలు మండిపోయి దాచుకున్న డబ్బంతా చిత్తు కాగితాలతో సమానమైంది. కుటుంబం చితికిపోయింది. పదహారేళ్ల పాపర్ బడి మానేసి, విశ్వవిద్యాలయంలో రిజిస్టర్‌లో పేరు లేకుండానే పాఠాలు వినడం మొదలుపెట్టాడు. పరీక్ష తర్వాత 1922లో ప్రైవేటుగా రాసి పాసయ్యాడు.

మాకు ఆయన మీద మొదట అభిమానం కలిగింది ఈ దగ్గరే. తండ్రికి భారం కాకూడదని 1919–20 చలికాలంలో ఇల్లు వదిలి, వియన్నా శివార్లలోని గ్రింజింగ్‌లో ఒక పాత మిలటరీ ఆసుపత్రి బ్యారక్కుల్లో చేరాడు. వాడుకలో లేని ఆ భాగాన్ని విద్యార్థులే బాగుచేసుకుని హాస్టల్‌గా మార్చుకున్నారు. సౌకర్యాలు ఏమీ లేవు. అమెరికా నుంచి వచ్చిన విద్యార్థులకు ట్యూషన్లు చెప్పి పొట్ట పోసుకునేవాడు. రోడ్డు పనికి పోయి ఆ బరువు పని చేయలేక మానేశాడు. ఆపై 1922 నుంచి 1924 వరకు వడ్రంగం నేర్చుకున్నాడు, బీరువాలు, బల్లలు చేసే పని. ఆ మేస్త్రీ పేరు అడాల్‌బెర్ట్ పోష్. తనకు తెలియని విషయం లేదని, ఏదైనా అడగమని ఎప్పుడూ అంటుండేవాడట. జ్ఞానం గురించి తాను ఆ మేస్త్రీ దగ్గర నేర్చుకున్నంత ఇంకెవరి దగ్గరా నేర్చుకోలేదని పాపర్ పెద్దయ్యాక తన ఆత్మకథలో రాసుకున్నాడు. అన్నీ తెలుసనే మనిషి పక్కన రెండేళ్లు పనిచేస్తే, తనకు ఎంత తెలియదో తెలిసివచ్చిందన్నమాట!

ఇక అసలు పాఠానికి వద్దాం. ఆయన జీవితంలో 1919వ సంవత్సరం చాలా ముఖ్యమైనది. అప్పటికి పదిహేడేళ్లవాడు, అంటే మన ఇంటర్ పిల్లల వయసు. ఆ ఏడాది మూడు సంఘటనలు జరిగాయి.

మొదటిది, ఆయన కొన్ని నెలలు కమ్యూనిస్టులతో తిరిగాడు. జూన్‌లో వియన్నాలో జరిగిన ఒక ప్రదర్శన మీద పోలీసులు కాల్పులు జరిపారు. నిరాయుధులైన యువకులు చనిపోయారు. విప్లవం ఎలాగూ వచ్చి తీరుతుంది కాబట్టి ఈ చావులు తప్పవన్న వాదన ఆయనకు మింగుడుపడలేదు. వచ్చి తీరుతుందని ఎలా తెలుసు? అంత గట్టిగా తెలుసా, ప్రాణాలు పణం పెట్టేంతగా? ఈ ప్రశ్న ఆయనను మళ్లీ వదల్లేదు. మార్క్స్ గురించి పాపర్ తర్వాత రాసినదంతా ఒప్పుకోనివారు మన పాత విద్యార్థుల్లో చాలామంది ఉన్నారు, మా ముగ్గురిలోనే ఒకరు ఉన్నారు. అది వేరే చర్చ. ఇక్కడ ఆయన ప్రశ్న ముఖ్యం.

రెండోది, మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ నడిపే కేంద్రాల్లో పాపర్ పేద పిల్లల మధ్య జీతం లేకుండా పనిచేశాడు. మనుషుల ప్రవర్తనకు మూలం ఆత్మన్యూనతా భావం అని ఆడ్లర్ సిద్ధాంతం. ఒకసారి పాపర్ ఒక పిల్లవాడి సంగతి చెప్పాడు. ఆ సిద్ధాంతానికి అది అంతగా సరిపోదని ఆయన అనుకున్నాడు. ఆడ్లర్ మాత్రం పిల్లవాడిని చూడకుండానే, తడుముకోకుండా తన సిద్ధాంతంతో వివరించేశాడు. అంత నమ్మకంగా ఎలా చెప్పగలరని అడిగితే, ఇలాంటివి వెయ్యి చూసిన అనుభవం అన్నాడు. అయితే ఇప్పుడు మీ అనుభవం వెయ్యిన్నొకటి అయిందన్నమాట అని కుర్రవాడు అనకుండా ఉండలేకపోయాడు.

ఇందులోని చిక్కు గమనించండి. ఒకడు పిల్లవాడిని నీళ్లలోకి తోశాడనుకోండి. వాడికి న్యూనతా భావం, ధైర్యం ఉందని నిరూపించుకోవడానికి తోశాడు. ఇంకొకడు ప్రాణాలకు తెగించి అదే పిల్లవాడిని కాపాడాడు. వాడికీ న్యూనతా భావమే, ధైర్యం నిరూపించుకోవడానికే దూకాడు! తోసినా అదే కారణం, కాపాడినా అదే కారణం. ఏం జరిగినా సిద్ధాంతానికి ఢోకా లేదు. చాలామంది దాన్ని ఆ సిద్ధాంతం బలమనుకున్నారు. పాపర్‌కు అదే దాని బలహీనతగా కనిపించింది.

మూడోది గ్రహణం. 1919 మే 29న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. సూర్యుని పక్కగా వచ్చే నక్షత్ర కాంతి వంగుతుందని ఐన్‌స్టీన్ తన సాపేక్ష సిద్ధాంతం నుంచి లెక్కగట్టి ముందే చెప్పాడు. ఎంత వంగుతుందో అంకెతో సహా చెప్పాడు: 1.75 ఆర్క్ సెకన్లు. ఒక డిగ్రీని 3,600 భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఒక ఆర్క్ సెకను. న్యూటన్ లెక్క ప్రకారం పోతే ఇందులో సగమే రావాలి. పగలు నక్షత్రాలు కనబడవు కాబట్టి గ్రహణం దాకా ఆగాలి. ఆర్థర్ ఎడింగ్టన్ ఆఫ్రికా పశ్చిమ తీరం దగ్గరి ప్రిన్సిపె ద్వీపానికి వెళ్లాడు. ఇంకో బృందం బ్రెజిల్‌లోని సొబ్రాల్‌కు వెళ్లింది. నవంబరు 6న లండన్‌లో ఫలితాలు ప్రకటించారు. సొబ్రాల్‌లో సుమారు 1.98, ప్రిన్సిపెలో సుమారు 1.61. సొబ్రాల్‌లోనే ఇంకో దూరదర్శిని న్యూటన్ అంకెకు దగ్గరగా చూపింది. దాని ఫోకస్ చెడిందని ఆ ఫలితాన్ని పక్కన పెట్టారు. అలా పెట్టడం సబబేనా అని తర్వాత చాలా వాదన జరిగింది. తరువాతి కాలంలో ఇంతకన్నా ఎంతో సూక్ష్మమైన కొలతలు ఐన్‌స్టీన్ అంకెనే బలపరిచాయి.

(గ్రహణాల మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. 1868 ఆగస్టు 18న గ్రహణం చూడడానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళవేత్త మన గుంటూరుకే వచ్చాడు. హీలియం కథ ఆ గ్రహణంతోనే మొదలైంది. గుంటూరు జిల్లా తమ్ముళ్లు ఈ సంగతి గర్వంగా చెప్పుకోవచ్చు.)

అప్పుడు పాపర్‌ను ఆశ్చర్యపరిచింది ఐన్‌స్టీన్ గెలవడం కాదు. ఓడిపోవడానికి సిద్ధపడడం. కాంతి వంగకపోతే తన సిద్ధాంతం పోయినట్టే. బలమైన గురుత్వాకర్షణ ఉన్నచోటి నుంచి వచ్చే కాంతి వర్ణపటంలో ఎరుపు వైపు జరగకపోతే తన సిద్ధాంతం నిలవదని ఐన్‌స్టీన్ స్వయంగా రాశాడు. ఫలానాది జరిగితే నేను తప్పు అని ముందే గీత గీసి నిలబడ్డాడు. ఆడ్లర్ అలా ఏ గీతా గీయలేదు.

ఆ తేడా నుంచి పాపర్ సిద్ధాంతం పుట్టింది. ఒక మాట శాస్త్రీయమా కాదా అని తేల్చడానికి దానికి ఎన్ని రుజువులు ఉన్నాయని అడగవద్దు. ఏది జరిగితే అది తప్పని ఒప్పుకుంటావని అడుగు. ఆ ప్రశ్నకు జవాబుంటే అది శాస్త్రం, లేకపోతే కాదు. దీన్ని ఖండనీయత అనవచ్చు. తప్పయి ఉండడం వేరు, తప్పని తేలే వీలుండడం వేరు. ఖండనీయత అంటే రెండోది. పరీక్షకు నిలబడగలగడం అన్నమాట.

బి.ఎడ్. చదివే మన సీనియర్లకు ఆగమన పద్ధతి, నిగమన పద్ధతి అనే మాటలు తెలుసు. విడివిడి ఉదాహరణలు చూసి సాధారణ సూత్రం చేయడం ఆగమనం. శాస్త్రమంతా ఇలాగే నడుస్తుందని అప్పట్లో పెద్దలు చెప్పేవారు. పాపర్ ఒప్పుకోలేదు. ఐరోపాలో ఎవరు చూసినా హంసలు తెల్లగానే ఉండేవి. లక్ష చూసినా తెలుపే. 1697లో డచ్చి నావికులు ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలో నల్ల హంసలను చూశారు. లక్ష తెల్ల హంసలు నిరూపించలేని మాటను ఒక్క నల్ల హంస పడగొట్టింది.

లెక్కల నుంచి ఇంకో ఉదాహరణ చూడండి. ఒక సంఖ్యను దానితోనే హెచ్చించి, మళ్లీ ఆ సంఖ్యను కలిపి, 41 కలపండి. 1తో చేస్తే 43, ప్రధాన సంఖ్య. 2తో 47, ప్రధాన సంఖ్య. 3తో 53, అదీ ప్రధాన సంఖ్యే. ఓపిక ఉంటే 39 దాకా చేయండి, ప్రతిసారీ ప్రధాన సంఖ్యే వస్తుంది. ముప్పై తొమ్మిది సాక్ష్యాలు! 40 దగ్గర 1,681 వస్తుంది. అది 41ని 41తో హెచ్చిస్తే వచ్చేది. మన లెక్కల పుస్తకం దీన్నే ప్రత్యుదాహరణ అంటుంది.

పాపర్ తన క్లాసులో ఒక తమాషా చేసేవాడట. కాగితం, పెన్సిలు తీసుకోండి, జాగ్రత్తగా పరిశీలించండి, పరిశీలించింది రాయండి అనేవాడు. విద్యార్థులు మొహమొహాలు చూసుకుని, దేన్ని పరిశీలించాలి అని అడిగేవారు. ఆయనకు కావలసింది ఆ ప్రశ్నే. ముందు మనసులో ఒక సమస్య, ఒక ఊహ లేకుండా పరిశీలన ఉండదు. ముందు ధైర్యంగా ఊహించాలి. తర్వాత ఆ ఊహను మనమే గట్టిగా పరీక్షకు పెట్టి పడగొట్టాలని చూడాలి. పడకపోతే ఇప్పటికి నిలిచిందంటాం, అంతే.

ఇప్పుడు మన సంగతి. మేము హైస్కూల్లో ఉండగా ఒక మాస్టారు లెక్కలు చెప్పేవారు. హాస్టల్ పిల్లలకు లెక్కలు ఎక్కవని ఆయన నమ్మకం. వీళ్ల ఇళ్లలోనే లేదు, వీళ్లకెక్కడి నుంచి వస్తుంది అనేవారు. క్వార్టర్లీలో మాలో ఒకడికి క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. పక్కవాడిది చూసి రాశాడన్నారు. హాఫియర్లీలో వాడిని ముందు బెంచీలో ఒక్కడినే కూర్చోబెట్టారు. మళ్లీ వాడికే ఎక్కువ. ఈసారి పేపర్ తేలిక అన్నారు. ప్రీఫైనల్లో కూడా వస్తే, బట్టీ పట్టాడన్నారు. అదే మాలో ఎవడైనా తప్పితే, చూశారా నేను చెప్పలేదా అనేవారు. పాసైతే ఒక కారణం, తప్పితే అసలు కారణం. ఏం జరిగినా ఆయన మాటకు ఢోకా లేదు.

మాకు ఆ రోజుల్లో కోపం వచ్చేది గానీ, ఆ మాటలో లోపం ఎక్కడుందో పట్టుకోవడం చేతకాలేదు. మార్కులు తెచ్చి చూపిస్తే ఆయన మారతారనుకున్నాం. ఎన్ని తెచ్చినా మారకపోతే మాలోనే ఏదో తక్కువేమో అని ఒకరిద్దరు నమ్మడం మొదలుపెట్టారు. ఒకడు టెన్త్ మధ్యలో ట్రంకు పెట్టె సర్దుకుని ఊరికి వెళ్లిపోయాడు. చాలా ఏళ్ల తర్వాత డిగ్రీ కాలేజీ లైబ్రరీలో పాపర్ గురించి చదివినప్పుడు మాకు మొట్టమొదట గుర్తొచ్చింది వాడే. ఆ రోజు అడగాల్సిన ప్రశ్న ఒకటే: సార్, మాకు ఏ పరీక్షలో, ఎలా రాస్తే, ఎన్ని మార్కులొస్తే మీ మాట తప్పని ఒప్పుకుంటారు? జవాబు లేకపోతే అది మా గురించి ఆయనకు తెలిసిన విషయం కాదు, ఆయన ముందే పెట్టుకున్న తీర్పు.

నిజం చెప్పాలంటే మా దగ్గరా అలాంటి మాటొకటి ఉండేది. మార్కులు తగ్గితే, హాస్టల్ వాళ్లమని వేయలేదు అనేవాళ్లం. కొన్నిసార్లు అది నిజమే. కానీ స్టడీ అవర్లో దుప్పటి కప్పుకుని నిద్రపోయిన నెలలో కూడా అదే అన్నాం.

రక్తాన్ని బట్టి, పుట్టుకను బట్టి తెలివి ఉంటుందన్న మాట ఎంత దూరం పోతుందో పాపర్ స్వయంగా చూశాడు. ఆయన తల్లిదండ్రులు క్రైస్తవం తీసుకున్నా పుట్టుకకు యూదులు. ఆయన స్కూల్లో లెక్కలు, సైన్సు చెబుతూనే రాసిన మొదటి పుస్తకం 1934 చివర్లో జర్మన్‌లో వెలువడింది. అప్పటికే పక్కనే జర్మనీలో హిట్లర్ గద్దెనెక్కాడు. 1937లో పాపర్ భార్యతో కలిసి న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌కు పాఠాలు చెప్పడానికి వెళ్లిపోయాడు. మరుసటి ఏడాదే హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాడు. పాపర్ బంధువుల్లో చాలామంది నాజీల చేతుల్లో చనిపోయారు. అంత దూరంలో కూర్చుని ఆయన నియంతృత్వాలకు వ్యతిరేకంగా ‘బహిరంగ సమాజం, దాని శత్రువులు’ అనే పెద్ద గ్రంథం రాశాడు. అది 1945లో అచ్చయింది. మంచివాళ్లు పాలించాలని కోరుకోవడం కంటే, చెడ్డ పాలకుణ్ణి రక్తపాతం లేకుండా దించే ఏర్పాటు ఉందా అని చూడాలన్నది అందులో ముఖ్యమైన మాట. పాలనకు కూడా తప్పు దిద్దుకునే దారి ఉండాలని అర్థం.

1946లో ఆయన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరి, 1969 దాకా అక్కడే పనిచేశాడు. మన బాబాసాహెబ్ అంబేద్కర్ 1923లో డి.ఎస్సీ. పట్టా పొందింది ఆ సంస్థ నుంచే. ఇద్దరి కాలాలు కలవలేదు. 1965లో పాపర్‌కు సర్ బిరుదు వచ్చింది.

అయితే ఆయన చెప్పిందంతా వేదవాక్కు అనుకోకూడదు. యురేనస్ గ్రహం న్యూటన్ లెక్క ప్రకారం నడవడం లేదని తేలినప్పుడు ఎవరూ న్యూటన్‌ను పారేయలేదు. అవతల ఇంకో గ్రహం లాగుతూ ఉండాలని లెవెరియర్ లెక్కగట్టాడు. 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో గాలే దూరదర్శిని తిప్పితే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది. తర్వాత బుధుడి కక్ష్యలో చిన్న తేడా కనబడితే, లెవెరియర్ అదే ఉపాయంతో సూర్యుడి దగ్గర ఇంకో గ్రహం ఉందన్నాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. ఎంత వెతికినా దొరకలేదు. ఆ తేడాను చివరికి 1915లో ఐన్‌స్టీన్ వివరించాడు. ఒకే ఉపాయం ఒకసారి పండింది, ఒకసారి ఎండింది. ఏది ఏదో ముందుగా ఎలా తెలుస్తుంది? ఒక్క దెబ్బకు సిద్ధాంతాన్ని వదిలేస్తే నెప్ట్యూన్ దొరికేది కాదు. 1962లో థామస్ కూన్, ఆ తర్వాత పాపర్ సహోద్యోగి ఇమ్రే లకటోష్ ఇలాంటి చరిత్ర చూపించే ఆయనతో వాదించారు. శాస్త్రవేత్తలు సిద్ధాంతాన్ని అంత తేలిగ్గా వదలరని, వదలకపోవడం అన్నిసార్లూ తప్పు కాదని వారి వాదన. మాకు అందులో న్యాయం కనిపిస్తుంది. సిద్ధాంతాన్ని కాపాడే ప్రతి సాకునూ కొట్టిపారేయలేం. ఆ సాకును విడిగా పరీక్షించే వీలుందా అన్నదే చూడాలి. నెప్ట్యూన్‌ను వెతికి చూడవచ్చు. బట్టీ పట్టాడన్న మాటను కూడా కొత్త లెక్క ఇచ్చి చూడవచ్చు. మా మాస్టారు ఆ ఒక్క పనీ చేయలేదు.

విమర్శే జ్ఞానానికి ప్రాణమన్న ఈ మనిషికి తన మీద విమర్శ వస్తే మాత్రం చిర్రెత్తేదని ఆయన దగ్గర పనిచేసినవారే రాశారు. కానీ ఒక సంగతి ఆయన పక్షాన చెప్పాలి. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం పరీక్షకు నిలిచే శాస్త్ర సిద్ధాంతం కాదని ఆయన చాలాకాలం వాదించాడు. జీవశాస్త్రవేత్తలు తప్పుపట్టారు. 1977లో, డెబ్భై అయిదేళ్ల వయసులో, కేంబ్రిడ్జిలోని డార్విన్ కాలేజీలో ఉపన్యసిస్తూ తన అభిప్రాయం మార్చుకున్నానని అందరి ముందూ చెప్పాడు. 1994 సెప్టెంబరు 17న తొంభై రెండేళ్ల వయసులో పాపర్ కన్నుమూశాడు.

చివరగా ఒక అభ్యాసం. మా రోజుల్లో మూడో గదిలో కిటికీ మూలన ట్రంకు పెట్టె పెట్టుకున్నవాడు టెన్త్ తప్పుతాడని గట్టి నమ్మకం ఉండేది. కొత్తగా వచ్చినవాడికి ఆ మూలే మిగిలేది. కిందటేడు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఆ నమ్మకం ఇంకా అలాగే ఉందని విని, పాత మిత్రులకు ఫోన్లు చేసి ఆ మూలలో ఉన్నవారి పేర్లు రాబట్టాం. పదకొండు మంది తేలారు. ఎనిమిది మంది మొదటిసారే పాసయ్యారు, అందులో ఒకరు ఇప్పుడు లెక్కల టీచరు. కాగితం మీద రాసి ఆ గది పిల్లలకు చూపించాం. తొమ్మిదో తరగతి తమ్ముడొకడు శ్రద్ధగా చదివి, “అన్నా, మీ కాలంలో ఆ మూల మీద సున్నం ఉండేది కదా, ఇప్పుడు రంగు వేశారు. దోషం రంగు వేసినప్పటి నుంచి” అన్నాడు.

రంగు వేసిన తర్వాత ఆ మూలలో ఉన్నవారి పేర్లు రాసి ఉంచే పని వాడికే అప్పజెప్పాం.